శత్రువు మరణించిన రోజు

(ప్రసంగ పాఠం)



ఈ సభలో నేను మాట్లాడవలసిన ప్రశ్న ఒకటే. మనకు కీడు తలపెట్టిన మనిషి, మనల్ని ద్వేషించిన మనిషి మరణిస్తే మనం సంబరం చేసుకోవచ్చునా?

ఈ ప్రశ్న ఎందుకు వచ్చిందో మీకందరికీ తెలుసు. మన సమాజాన్ని బతికినన్నాళ్లూ దూషించిన ఒక నాయకుడు కన్నుమూస్తాడు. ఆ వార్త టీవీలో వచ్చిన పది నిమిషాలకే మన పిల్లల ఫోన్లలో నవ్వు బొమ్మలు, వెక్కిరింపు చిత్రాలు, నరకానికి స్వాగతం పలికే రాతలు తిరుగుతాయి. వాటిని పంపిన కుర్రవాడు దుర్మార్గుడు కాడు. అతని మనసులో ఏళ్ల తరబడి మానని గాయం ఉంది. ఆ గాయాన్ని నేను తక్కువ చేసి మాట్లాడబోవడం లేదు. అయితే గాయపడిన మనిషి చేసే ప్రతి పనీ ధర్మం అయిపోదు.

అవతలి వైపు చేసేదీ ఇదే. 2017 సెప్టెంబరు 5న బెంగళూరులో గౌరీ లంకేశ్‌ను ఆమె ఇంటి ముందే కాల్చి చంపారు. ఆమె మరణానికి ఆనందిస్తూ రాసిన రాతలు వెంటనే సామాజిక మాధ్యమాల్లో కనిపించాయి. 1948లో గాంధీజీ హత్య తర్వాత కొందరు సంతోషం వెలిబుచ్చి మిఠాయిలు పంచుకున్న సంగతిని సర్దార్ పటేల్ స్వయంగా ఆర్.ఎస్.ఎస్. అధినేత గోల్వాల్కర్‌కు అదే ఏడాది సెప్టెంబరులో రాసిన లేఖలో ప్రస్తావించారు. ఈ రెండూ విన్నప్పుడు మన మనసు అసహ్యించుకుంటుంది. ఆ అసహ్యం న్యాయమైనదే. మరి మిఠాయి పంచిన చేయి మనదైనప్పుడు కూడా అదే అసహ్యం కలుగుతుందా? అక్కడే మన పరీక్ష మొదలవుతుంది.

ఊరట వేరు, సంబరం వేరు

ముందుగా రెండు విషయాలను విడదీసుకుందాం. పీడించేవాడు పోయినప్పుడు పీడితుడు ఊపిరి పీల్చుకోవడం మానవ సహజం. ఇస్లాం దానిని తప్పు పట్టలేదు. ఒక జనాజా వెళ్తుండగా ప్రవక్త ముహమ్మద్ (స) మరణించేవారిని రెండు రకాలుగా విభజించి చెప్పిన విషయం బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉంది. విశ్వాసి మరణిస్తే ప్రపంచపు కష్టాల నుంచి అతనికి విశ్రాంతి. దుర్మార్గుడు మరణిస్తే అతని నుంచి ప్రజలకు, నేలకు, చెట్లకు, పశువులకు విశ్రాంతి. చెట్టుకు, పశువుకు సైతం ఊరట ఉంటుందని అంగీకరించిన ధర్మం మనది. కనుక ఊరట చెందిన మనిషిని నేను నిందించను.

అయితే ఇతరుల ఆపదను చూసి ఆనందించడానికి అరబీలో వేరే మాట ఉంది. దానిని 'షమాతత్' అంటారు. ఖుర్ఆన్‌లో ఈ మాట ఎక్కడ వచ్చిందో గమనించండి. కోపంతో తన తల పట్టుకొని లాగిన మూసా (అలై)తో ఆయన సోదరుడు హారూన్ (అలై) శత్రువులు నన్ను చూసి సంతోషించే అవకాశం ఇవ్వవద్దని ప్రాధేయపడతారు. మరోచోట ఆలి ఇమ్రాన్ సూరాలో, విశ్వాసులకు మేలు జరిగితే బాధపడి, కీడు జరిగితే సంతోషించేవారి ప్రస్తావన ఉంది. అంటే ఇతరుల కీడుకు సంతోషించడం మనకు వ్యతిరేకంగా నిలిచినవారి గుణంగా ఖుర్ఆన్ చిత్రించింది. శత్రువుల షమాతత్ నుంచి రక్షించమని ప్రవక్త (స) అల్లాహ్‌ను వేడుకొనేవారు. దేని నుంచి రక్షణ కోరుతూ మనం దుఆ చేస్తామో, దానినే మన చేతులతో మరొకరి ఇంటికి పంపవచ్చునా?

దైవప్రవక్త నడిచిన దారి

హిజ్రీ 3వ సంవత్సరంలో, అంటే క్రీ.శ. 625లో ఉహుద్ యుద్ధం జరిగింది. ప్రవక్త (స) ప్రియమైన పినతండ్రి హజ్రత్ హమ్జా (రజి) అందులో షహీద్ అయ్యారు. శత్రువులు ఆయన భౌతికకాయాన్ని ఛిద్రం చేశారు. ఆ దృశ్యం చూసి చలించిన హృదయంలో ప్రతీకార భావం కలిగిందని, అప్పుడు నహ్ల్ సూరాలోని చివరి ఆయతులు అవతరించాయని వ్యాఖ్యాతలు చెబుతారు. ప్రతీకారం తీర్చుకొంటే జరిగినంత మేరకే తీర్చుకోవాలి, సహనం వహిస్తే అది మరింత శ్రేష్ఠం అన్నది వాటి సారాంశం. ప్రవక్త (స) సహనాన్నే ఎంచుకున్నారు. శత్రువుల శవాలను ఛిద్రం చేయడాన్ని తన అనుచరులకు నిషేధించారు.

హమ్జా (రజి)ను చంపిన వహ్షీ తర్వాత ఇస్లాం స్వీకరించాడు. ప్రవక్త (స) అతని ప్రాణానికి అభయమిచ్చారు. తన కళ్లెదుటకు మాత్రం రాకుండా ఉండగలవా అని అడిగారు. ఈ చిన్న సంఘటనలో మనకు పెద్ద ఊరట ఉంది. క్షమించిన మనిషిలోనూ బాధ మిగిలి ఉండవచ్చు. బాధను చంపుకోమని ధర్మం అడగడం లేదు. ఆ బాధ చేతిని ఎటు నడిపిస్తుందో చూసుకోమంటోంది.

మక్కా విజయం నాటికి ఖురైషుల చేతుల్లో ముస్లింలు పడిన హింసకు ఇరవై ఏళ్ల చరిత్ర ఉంది. ఆ రోజు నగరంలో ప్రవేశించిన ప్రవక్త (స) ఒంటె మీద వినయంతో తల వంచుకొని వెళ్లారని సీరా గ్రంథాలు వర్ణించాయి. కొద్దిమంది మినహా అందరికీ అభయం దొరికింది. బద్ర్‌లో మరణించిన అబూ జహల్ ముస్లింలకు ఎంతటి శత్రువో చెప్పనవసరం లేదు. అతని కుమారుడు ఇక్రిమా మక్కా విజయానంతరం ఇస్లాంలోకి వచ్చాడు. మరణించినవారిని తిట్టవద్దని, ఆ తిట్టు బతికి ఉన్నవారిని నొప్పిస్తుందని ప్రవక్త (స) బోధించారు. ఆ బోధ విలువ ఇక్రిమా వంటివారి జీవితంలో తెలుస్తుంది. నిన్నటి శత్రువు కొడుకు రేపు మన పక్కన నమాజులో నిలబడవచ్చు. అతని తండ్రి శవంపై మనం వేసిన కేక అతని చెవుల్లో ఇంకా మోగుతూ ఉంటే అతను మన వరుసలోకి ఎలా వస్తాడు?

ఒక యూదుని జనాజా వెళ్తుంటే ప్రవక్త (స) లేచి నిలబడ్డారు. అది యూదునిదని పక్కవారు గుర్తు చేస్తే, అదీ ఒక ప్రాణమే కదా అన్న అర్థంలో ఆయన ఎదురు ప్రశ్న వేశారు. ఏళ్ల తర్వాత ఖాదిసియాలో ఇద్దరు సహాబాలు ముస్లిమేతరుని శవయాత్రకు లేచి నిలబడి, ఎందుకని అడిగినవారికి ఈ సంఘటననే చెప్పారు. గౌరవం మనిషి ప్రాణానికి దక్కింది. అతని మతాన్ని, పక్షాన్ని అడిగి ఇవ్వలేదు.

ఫిరౌన్ మునిగిన రోజు

ఇక్కడ కొందరు యువకులు ఒక ప్రశ్న వేస్తారు. అది తెలివైన ప్రశ్నే. ఫిరౌన్ సముద్రంలో మునిగిన రోజును మనం స్మరించుకోవడం లేదా? ముసైలిమా మరణవార్త విని హజ్రత్ అబూబక్ర్ (రజి) సజ్దా చేశారని ఉల్లేఖించలేదా? దుర్మార్గుని మరణానికి కృతజ్ఞత తెలపవచ్చునని పలువురు ఉలమాలు అనలేదా?

అన్నారు. నేను వారితో వాదానికి దిగను. ఆ కృతజ్ఞత ఏ రూపంలో వ్యక్తమైందో మాత్రం చూడమని కోరుతున్నాను. మూసా (అలై)కు, ఇస్రాయీల్ సంతతికి ఫిరౌన్ నుంచి విముక్తి లభించిన రోజు ఆషూరా. ఆ రోజును మదీనా యూదులు ఎలా గడుపుతున్నారో ప్రవక్త (స) తెలుసుకున్నారు. వారు ఉపవాసం ఉంటున్నారు. మూసా (అలై)తో మనకు మరింత దగ్గరి సంబంధం ఉందని చెప్పి ఆయనా ఉపవాసం ఉన్నారు, అనుచరులనూ ఉండమన్నారు. చరిత్రలోకెల్లా పేరుమోసిన నియంత చచ్చిన రోజును ఆకలితో గుర్తు చేసుకోమన్నారు. ఆ రోజున విందు లేదు, బాణసంచా లేదు, ఊరేగింపు లేదు. సజ్దా-ఎ-షుక్ర్ కూడా అంతే. అందులో నుదురు నేలను తాకుతుంది. విజయగర్వంతో తల ఎత్తే భంగిమ అది కాదు.

ఇంకొక మాట. ఫిరౌన్ శరీరాన్ని తర్వాతి తరాలకు సూచనగా మిగిల్చినట్లు ఖుర్ఆన్ చెబుతోంది. సూచన అన్నది చూసినవాడు భయపడి తనను దిద్దుకోవడానికి ఉంటుంది. ఆ శవాన్ని చూసి 'నాలోనూ ఫిరౌన్ ఉన్నాడా' అని అడుగుకున్నవాడికే ఆ సూచన అందినట్లు.

అలీ (రజి) తీర్పు, కర్బలా పాఠం

క్రీ.శ. 656లో జమల్ యుద్ధ సందర్భంలో హజ్రత్ జుబైర్ (రజి) హత్యకు గురయ్యారు. ఆయన ప్రత్యర్థి పక్షం నుంచి వచ్చినవారు. చంపినవాడు బహుమానం ఆశించి ఆయన ఖడ్గాన్ని హజ్రత్ అలీ (రజి) వద్దకు తెచ్చాడు. అలీ (రజి) దుఃఖించారు. ఒకప్పుడు ప్రవక్త (స)కు రక్షణగా నిలిచిన ఖడ్గమని దానిని తలచుకున్నారు. చంపినవాడికి దొరికింది నరకం గురించిన హెచ్చరికే. సుమారు నాలుగేళ్ల తర్వాత కూఫా మసీదులో ఇబ్ను ముల్జిమ్ విషపు కత్తితో అలీ (రజి)నే గాయపరిచాడు. మరణశయ్యపై ఉన్న అలీ (రజి) బందీకి సరైన ఆహారం, నీరు ఇవ్వమన్నారు. తాను మరణిస్తే ఒక దెబ్బకు ఒకే దెబ్బ వేయాలని, శరీరాన్ని ఛిద్రం చేయవద్దని ఆదేశించారు. శిక్ష ఉండాలన్నారు గాని, శిక్షను వేడుకగా మార్చే దారిని మూసివేశారు.

680లో కర్బలా జరిగింది. హజ్రత్ హుసైన్ (రజి) శిరస్సును కూఫాకు, అక్కడి నుంచి డమాస్కస్‌కు తీసుకువెళ్లారు. ఆ రోజు గెలుపు సంబరం యజీద్ దర్బారుది. ఆ దర్బారులో బందీగా నిలబడి మాట్లాడిన హజ్రత్ జైనబ్ గొంతు మాత్రం నేటికీ వినబడుతోంది. మన తెలంగాణ పల్లెల్లో పీర్ల పండుగనాడు హిందువులు కూడా పీర్లను ఎత్తుకొని ఆ శోకంలో పాలుపంచుకుంటారు. సంబరం చేసుకున్నవారి పక్షాన పల్లెల్లో ఎవరూ నిలబడలేదు. పదమూడు శతాబ్దాలకు పైగా ప్రజలు గుర్తుంచుకున్నది దుఃఖించినవారిని.

ఇతరుల చరిత్రలోనూ

ఈ విలువ మన ఒక్కరి సొత్తు కాదు. వాల్మీకి రామాయణంలో రావణుడు నేలకూలిన తర్వాత అంత్యక్రియలకు వెనుకాడిన విభీషణునికి రాముడు మరణంతో వైరం ముగిసిందని నచ్చజెప్పి, సంస్కారం జరిపించమంటాడు. మన ఇరుగుపొరుగు హిందూ సోదరులకు ఈ ఘట్టం చిన్ననాటి నుంచి తెలుసు.

1163లో జెరూసలేం క్రైస్తవ రాజు మూడవ బాల్డ్విన్ మరణించాడు. ఇదే దాడికి అదను అని కొందరు సుల్తాన్ నూరుద్దీన్‌కు సలహా ఇచ్చారు. రాజును పోగొట్టుకొని దుఃఖిస్తున్న ప్రజల పట్ల సానుభూతి చూపాలి తప్ప దాడి చేయరాదని ఆయన నిరాకరించాడు. ఈ సంగతిని రాసిపెట్టినది క్రైస్తవ చరిత్రకారుడైన విలియం ఆఫ్ టైర్. శత్రుపక్షపు కలం నుంచి వచ్చిన సాక్ష్యం కంటే విలువైనది ఏముంటుంది?

1659లో ప్రతాపగడ్ వద్ద శివాజీ చేతిలో బీజాపూర్ సేనాని అఫ్జల్ ఖాన్ మరణించాడు. ఆ కోట దిగువన నేటికీ అతని సమాధి ఉంది. ఆ సమాధిని శివాజీయే కట్టించాడని మహారాష్ట్రలో తరతరాలుగా చెప్పుకుంటారు. ఈనాడు శివాజీ పేరుతో మనల్ని బెదిరించేవారికి ఈ సంగతి గుర్తు చేయాలి. మనమూ గుర్తుంచుకోవాలి.

గాంధీజీని చంపిన గాడ్సేకు మరణశిక్ష పడినప్పుడు దానిని రద్దు చేయమని కోరినవారిలో గాంధీజీ కుమారులు మణిలాల్, రామదాస్ ఉన్నారు. ప్రభుత్వం అంగీకరించలేదు. 1949 నవంబరు 15న అంబాలా జైలులో ఉరి అమలైంది. తండ్రిని పోగొట్టుకున్న కొడుకులు ఆ మరణాన్ని కోరుకోలేదన్న విషయం మాత్రం చరిత్రలో నిలిచిపోయింది.

ఇందుకు విరుద్ధమైన ఉదాహరణ మన కాలంలోనే ఉంది. 1982లో దుజైల్‌లో 148 మంది షియాల మరణానికి సద్దాం హుసేన్ బాధ్యుడని ఇరాక్ న్యాయస్థానం తేల్చింది. 1988లో హలబ్జాలో రసాయనిక ఆయుధాలకు వేలాది కుర్దులు బలయ్యారు. ఇంతటి నేరాలున్న మనిషిని 2006 డిసెంబరు 30న, ఇరాక్ సున్నీలు బక్రీద్ జరుపుకొంటున్న రోజున ఉరితీశారు. ఉరికంబం దగ్గర కొందరు అతనిని హేళన చేస్తూ కేకలు వేశారు. ఎవరో సెల్‌ఫోన్‌లో చిత్రీకరించారు. ఒక మనిషి మరణానికి సిద్ధమవుతున్నాడు, ఆపండి అని అక్కడున్న ప్రాసిక్యూటర్ వేడుకోవడమూ అందులో వినిపిస్తుంది. ఫలితం ఏమైంది? ప్రపంచం దుజైల్ బాధితులను మరచి ఆ హేళన గురించి మాట్లాడింది. నేరస్థుడు చాలామంది కళ్లకు వీరుడైపోయాడు. సంబరం చేసుకున్నవారు తమ మృతులకు దక్కవలసిన న్యాయపు గౌరవాన్ని తామే పోగొట్టారు.

మన గడప దగ్గర

ఇక మన రాష్ట్రానికి వద్దాం. 2015 ఏప్రిల్ 7న వరంగల్ జైలు నుంచి హైదరాబాద్ కోర్టుకు తీసుకువెళ్తున్న ఐదుగురు ముస్లిం విచారణ ఖైదీలు ఆలేరు సమీపంలో పోలీసు వ్యాన్‌లోనే కాల్పుల్లో మరణించారు. వారి చేతులకు బేడీలున్న ఫొటోలను దేశమంతా చూసింది. ఆయుధాలు లాక్కోబోయారని పోలీసులు చెప్పారు. అంతకు కొద్ది రోజుల ముందే సూర్యాపేట ప్రాంతంలో పోలీసు సిబ్బంది దుండగుల కాల్పులకు బలయ్యారు. ఆ కుటుంబాల దుఃఖమూ దుఃఖమే. ఆలేరు జరిగిన రోజునే శేషాచలం అడవుల్లో 20 మంది తమిళ కూలీలను ఎర్రచందనం దొంగలని చెప్పి కాల్చి చంపారు. ఆ రోజు మనం ఏమడిగాం? నేరం చేశారా లేదా అన్నది కోర్టు తేల్చాలి, పోలీసు తుపాకీ కాదు అన్నాం. సరిగానే అడిగాం.

2019 నవంబరు 27 రాత్రి శంషాబాద్ దగ్గర ఒక యువ పశువైద్యురాలిపై అత్యాచారం జరిపి హతమార్చారు. ఆ ఘోరం తలచుకుంటే నేటికీ నోట మాట రాదు. డిసెంబరు 6 తెల్లవారుజామున నలుగురు నిందితులు చటాన్‌పల్లి వద్ద పోలీసు కాల్పుల్లో మరణించారు. జనం పోలీసులపై పూలు చల్లారు, టపాకాయలు కాల్చారు, మిఠాయిలు పంచారు. ఆ జనంలో అన్ని మతాలవారూ ఉన్నారు. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022 మేలో బయటికి వచ్చింది. చంపే ఉద్దేశంతోనే కాల్పులు జరిపారని, పదిమంది పోలీసులపై విచారణ జరపాలని, మృతుల్లో ముగ్గురు ఘటన నాటికి మైనర్లని కమిషన్ తేల్చింది.

గుమాస్తాగా జీవితం గడిపినవాడికి తెలిసిన ఒక చిన్న విషయం చెబుతాను. సాక్ష్యం నమోదు కాకుండా, ఎదుటివాడి జవాబు తీసుకోకుండా, అధికారి ఉత్తర్వు లేకుండా మూసేసిన ఫైలు పూర్తయిన ఫైలు కాదు. చటాన్‌పల్లితో ఆ వైద్యురాలి కేసు అలాగే మూతపడింది. ఆ రాత్రి నిజంగా ఏం జరిగిందో కోర్టులో సాక్ష్యంగా రుజువయ్యే అవకాశం పోయింది. ఆమెకు దక్కవలసిన తీర్పు ఆమెకు దక్కలేదు. ఆలేరులో చట్టం కావాలని అడిగి, చటాన్‌పల్లిలో పూలు చల్లిన నోటికి, చేతికి పొంతన ఎక్కడుంది? మనకు నచ్చనివాడికి చట్టం అక్కరలేదని మనం ఒప్పుకున్న రోజున, మనం నచ్చనివారికి అదే మాట అనే హక్కు ఇచ్చినట్లే. అల్పసంఖ్యాకులకు చట్టం తప్ప వేరే కోట లేదు. ఆ కోట గోడను మన చేతులతో మనమే తవ్వుకోరాదు. ఒక వర్గంపై ద్వేషం మిమ్మల్ని న్యాయం తప్పేలా చేయకూడదన్న మాయిదా సూరా ఆదేశానికి మన రోజుల్లో ఇంతకంటే సూటి అన్వయం నాకు కనబడదు.

మౌనం అంటే పొగడ్త కాదు

ఒక సందేహం మిగిలింది. అయితే మరణించిన నాయకుడు చేసిన తప్పులను మాట్లాడకూడదా? తప్పక మాట్లాడాలి. చరిత్రకు చెప్పవలసిన సత్యం అతని మరణంతో చెల్లిపోదు. అతని ప్రసంగాల వల్ల ఎవరి ఇళ్లు కాలాయో, ఏ కేసులు ఇంకా తేలలేదో రాయాలి, అడగాలి. 2012లో బాల్ ఠాక్రే మరణించినప్పుడు బంద్ ఎందుకని ఫేస్‌బుక్‌లో రాసిన ఒక యువతిని, దానిని మెచ్చుకున్న ఆమె స్నేహితురాలిని మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో అరెస్టు చేశారు. ఆమె రాసినది సంబరం కాదు, ఒక ప్రశ్న. ఆ అరెస్టులపై సాగిన న్యాయపోరాటంలోనే 2015 మార్చి 24న సుప్రీంకోర్టు ఐటీ చట్టం 66ఏ సెక్షన్‌ను కొట్టివేసింది. ప్రశ్నించే హక్కును మనం వదులుకోరాదు. ఆ హక్కు నిలవాలంటే ప్రశ్నకూ వెక్కిరింతకూ ఉన్న గీత మన వైపు నుంచి చెరిగిపోకూడదు. ప్రశ్న అతని పనుల గురించి ఉంటుంది. వెక్కిరింత అతని శవం గురించి, అతని భార్యాబిడ్డల ఏడుపు గురించి ఉంటుంది.

కనుక యువకులకు నా విన్నపం ఇది. అటువంటి వార్త వచ్చిన రోజు ఫోన్ పక్కన పెట్టండి. ఊరట కలిగితే అల్లాహ్ ముందు చెప్పుకోండి, రెండు రకాతులు చదవండి. అతని వల్ల నష్టపోయిన కుటుంబం మీ వాడలో ఉంటే ఆ ఇంటికి వెళ్లండి. కేసు ఏ దశలో ఉందో, వకీలు ఫీజు కట్టారో లేదో కనుక్కోండి. అతను పోయినా అతను విత్తిన ద్వేషం పోలేదు. మరుసటి రోజు పని అక్కడే ఉంటుంది. సమూహాల్లో వెక్కిరింపు చిత్రం వస్తే దానిని ముందుకు పంపకండి. పంపినవాడిని పదిమందిలో కించపరచకుండా పక్కకు పిలిచి చెప్పండి. మసీదు కమిటీల పెద్దలు ఒక జుమా ప్రసంగంలోనైనా ఈ విషయం ఖతీబ్‌లతో మాట్లాడించాలి.

మనమూ మరణించవలసినవాళ్లమే. మన మరణవార్త విని కూడా ఎవరో సంతోషించవచ్చు, ఎవరో లేచి నిలబడవచ్చు. రెండోది మనం కోరుకుంటే, ముందుగా మనం లేచి నిలబడటం నేర్చుకోవాలి. మన హృదయాలను ద్వేషం నుంచి, మన నాలుకలను హేళన నుంచి అల్లాహ్ కాపాడుగాక. ఆమీన్.

వ ఆఖిరు దావానా అనిల్ హమ్దులిల్లాహి రబ్బిల్ ఆలమీన్.